దొర పడవ అడుగుపలక

"పని మంచిగనే చేసిన అంటున్నవు. మరి మొదటి దినమే పడవ ఎట్ల మునిగింది, పోశం?"

కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చున్న వడ్రంగి తల ఎత్తాడు. మనిషికి నలభై ఏళ్లుంటాయి. వేళ్ల సందుల్లో తారు మరకలు ఇంకా పోలేదు. వారం రోజులుగా లాకప్పులో ఉన్నా మాటలో తొందర గానీ, భయం గానీ లేవు.

"గదే నాకూ సమజైతలేదు సారు. పుచ్చిన పలకలన్ని పీకి కొత్త టేకు పలకలు ఏసిన. సందులల్ల నార కొట్టి, గుగ్గిలం పోసి, మీదికెల్లి తారు పూసిన. కొత్త తెరకొయ్య నిలబెట్టిన. పడవను నీళ్లల్ల దించి ఒడ్డుకు కట్టేసి చూసినం. సుక్క నీరు రాలే."

"రాలేదని ఎవరు చూసిండ్రు?"

"భూమన్న పెద్దయ్యనే చూసిండు. అడుగుండ్రి."

రామచంద్రం ఆ మాట భూమన్నను అడిగే వచ్చాడు. నిజాం కాలంలో పోలీసు కొలువులో చేరి, సబ్ ఇన్‌స్పెక్టర్ దాకా ఎదిగి, పైవాళ్లతో పొసగక రాజీనామా ఇచ్చిన మనిషి అతను. ఇప్పుడు కరీంనగర్‌లో సొంతంగా నేరపరిశోధన చేస్తున్నాడు. మూడు రోజుల కిందట భూమన్న అతని గుమ్మంలో కూలబడి, "నా కొడుకు గంగల పుట్టి గంగల పెరిగినోడు సారు. గంగ వాణ్ని మింగదు. ఏమైందో మీరే చూడాలె" అని వేడుకున్నాడు. ఆ దిక్కు జనానికి గోదావరి అంటే గంగే.

భూమన్నది ధర్మపురికి దిగువన ఉన్న ఒక రేవు. బొగ్గు గనుల్లో పెద్ద ఉద్యోగం చేసిన ఇంగ్లీషు దొర ఒకడు సెలవు రోజుల్లో నది మీద తిరగడానికి చిన్న తెరచాప పడవ చేయించుకుంటే, దాన్ని నడిపింది భూమన్నే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు దొర దేశం వదిలిపోతూ పడవను అతనికే ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా, అంటే పద్నాలుగేళ్లు, ఆ కుటుంబం బతుకంతా ఆ పడవ మీదే నడిచింది. కోడలు గంగుబాయి కొత్త చీరలో కాలు పెట్టింది ముందు ఆ పడవలో, తర్వాతే అత్తవారింట్లో. ఏళ్లు గడిచి అడుగు పుచ్చి, కొయ్య ఒరిగిపోతే, ఈ ఏడు వానలు తగ్గాక కొడుకు అంబదాస్ దాన్ని ఒడ్డుకు లాగి మొదటి నుంచి బాగుచేయించాడు. నడిపి చూసి వస్తానని పోయిన సోమవారం పొద్దున ఒక్కడే బయల్దేరాడు. రేవులో పదిమంది చూశారు. ఇసుక తిప్ప దాటి నది వంపు తిరిగాక మళ్లీ ఎవరికీ కనిపించలేదు. మధ్యాహ్నం బెస్తవాళ్లకు నీళ్ల పైకి కొయ్య కొస కనిపించింది. పడవను బయటికి తీశారు. అంబదాస్ మాత్రం దొరకలేదు.

నాసి పని చేసి మనిషి ప్రాణం తీశాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రమే పోశాన్ని లోపల వేశాడు.

"పని చేసిన దినాలల్ల ఏదన్న వింతగ అనిపించిందా?" రామచంద్రం కటకటాలకు దగ్గరగా జరిగాడు. "పడవల గాని, అంబదాసుల గాని."

పోశం తల ఊపాడు. "ఒక్కటుండె. చెప్తే నవ్వుతరని ఇన్‌స్పెక్టర్ సారుకు చెప్పలే. పడవ ముక్కు కాడ సామాన్లు పెట్టుకునే మూత ఉంటది. దాని కింద తల పెట్టి పని చేస్తే తల పలిగిపోయినట్లు నొస్తుండె. బయటికొచ్చి గాలికి కూసుంటె తక్కువైతుండె. మల్ల తల పెడితె మల్ల అదే నొప్పి. ఏదో సోకిందనుకున్న."

"అంబదాసుకు చెప్పినవా?"

"చెప్పిన. నువ్వు గాడ పని చేయకు, గది నేనే చూసుకుంట అన్నడు."

రామచంద్రం మొహంలో మార్పు కనబడనీయలేదు. కానీ ఆ నొప్పి అతనికి తెలుసు. నలభై తొమ్మిదిలో ఒక దాడిలో పట్టుకున్న జిలెటిన్ కడ్డీల పెట్టెలను కిటికీలు లేని కొట్లో వేసి, వాటికి అతన్ని కాపలా పెట్టారు. ఆ పూట కాపలా కాసిన వాళ్లందరూ తలలు పట్టుకుని వాంతులు చేసుకున్నారు. రాళ్లు పేల్చే ఆ మందు ఆవిరి పీలిస్తే వచ్చే నొప్పి అట్లాంటిది. ఒకసారి అనుభవిస్తే మరిచిపోయేది కాదు.

"నువ్వు బొగ్గుబాయిల కూడ పని చేసినవంట గద?"

"చేసిన. లోపట పైకప్పు కూలకుండ కట్టెలు నిలబెట్టే పని. పోయిన ఎండకాలం మానేసిన. గా దుమ్ము పడ్తలేదు నాకు."

రామచంద్రం తల ఊపి లేచాడు.

రేవులో మొద్దుల మీద ఒరిగించిన పడవ దగ్గర సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ముక్తేశ్వరరావు అప్పటికే నిలబడి ఉన్నాడు. కోనసీమ మనిషి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బదిలీ మీద ఇటు వచ్చాడు. ప్రైవేటు డిటెక్టివులంటే అతనికి గిట్టదు. పాత నిజాం పోలీసులంటే అసలే గిట్టదు.

"రామచంద్రంగారూ, నేను గోదావరి గట్టున పుట్టినవాణ్ణి," అన్నాడు పలకరింపుగా. "మా పెరటి గోడ దూకితే పడవలే. కొత్తగా బాగుచేసిన పడవ మునిగిందంటే చేసినవాడి పని బాగాలేదని అర్థం. ఇందులో మీరు పరిశోధించేందుకు ఏమీ లేదు."

"లేకుంటె మంచిదే. జర చూసిపోత."

రామచంద్రం ముందు తెరచాప చూశాడు. మందపు కొత్త గుడ్డ. చక్కగా మడిచి, వాసానికి మూడు చోట్ల తాడుతో బిగించి ఉంది.

"నీళ్లల్ల దొరికినప్పుడు తెర గిట్లనే ఉండెనా?" అని పడవ తీసిన బెస్త వెంకటిని అడిగాడు.

"గిట్లనే ఉండె సారు. మేము ముట్టలే."

"పడవ మునుగుతుంటె తెర మడిచి ముడేసుకుంట కూసునేటోడు ఎవడన్న ఉంటడా, ఇన్‌స్పెక్టర్‌గారూ?"

రామచంద్రం పడవలోకి వంగాడు. అడుగున కొత్త పలకల్లో మధ్యది ఒకటి సగం దాకా ఊడి వేలాడుతోంది. దాని మేకులు లేవు.

"మేకులు పట్టు తప్పాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేను అనేది అదే."

"నీళ్ల బలానికి మేకు ఊడితె పలక పలుగుతది. గీ రంధ్రాలు చూడుండ్రి, గుండ్రంగ ఉన్నయి. ఒక్కటి కూడ చీలలే. ప్రతి రంధ్రం పక్కన లోపలి దిక్కు కట్టె నొక్కుకపోయింది. పటకారు ఆనిచ్చి మేకు పీకినప్పుడు పడే గుర్తు గది. బయటి దిక్కు తారు చెదరలే." రామచంద్రం నడుము నిటారు చేశాడు. "పని మంచిదే. పడవల కూసున్నోడు నది నడుమ ఈ పలకను పీకిండు. ఒడ్డున పీకుంటె రేవు కూడ దాటకపోవు."

ముక్తేశ్వరరావు టోపీ తీసి వెంకటి చేతికిచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి రంధ్రాన్నీ బొటనవేలితో తడిమి చూశాడు. లేచేసరికి అతని గొంతులో వెటకారం తగ్గింది.

"నిజమే. లోపల్నుంచే పీకారు. అయితే పీకినవాడు అంబదాసే అని ఎలా చెబుతారు?"

"పడవల ఇంకెవ్వరు లేరు. పదిమంది చూసిండ్రు."

"రేవులో ఎక్కేటప్పుడు చూశారు. తిప్ప దాటాక ఎవరు చూశారు?"

"చూడనిదాన్ని పట్టుకొని మీరు కేసు కట్టుకోండ్రి. నేను ఉన్నదాన్ని చూస్త." రామచంద్రం పడవ ముక్కు దగ్గరికి వెళ్లి మూత ఎత్తాడు. లోపలికి తల దూర్చి చాలాసేపు ఉన్నాడు. బాగా మగ్గిన అరటిపండు లాంటి తీపి వాసన, నీళ్లల్లో నానినా పూర్తిగా పోలేదు. అడ్డకొయ్యల మీద ఒక పెట్టెను బిగించి పీకేసిన గుర్తులున్నాయి. తారులో అంటుకున్న మైనపు కాగితం ముక్కను గోటితో లేపి బయటికి తెచ్చాడు. అప్పటికే కణతలు అదరడం మొదలైంది.

"జిలెటిన్," అన్నాడు. "బొగ్గుబాయిల నుంచి దొంగతనంగ వచ్చిన మాలు. అంబదాసు దీంట్ల దాచి తెస్తుండె. పడవ బాగుచేసే సాకుతోని పెట్టె పీకి మాలు ఇంకో దిక్కు చేర్చిండు. తెర మడిచి, పలక పీకి, పడవను ముంచి, ఈదుకుంట పోయిండు. మునిగి సచ్చినోణ్ని ఎవ్వరు ఎతుకరు గద. అంబదాసు బతికే ఉన్నడు, ఇన్‌స్పెక్టర్‌గారూ. గందుకే శవం దొరుకతలేదు."

"కథ బాగానే ఉంది. ఇంత శుభ్రంగా మేకులు పీకడం పడవ నడుపుకునేవాడికి చేతనవుతుందా?"

"పని నడిచినన్ని దినాలు పోశం పక్కపొంటి ఉన్నడు. చూసి నేర్చుకోవచ్చు." తలనొప్పి వల్ల రామచంద్రం ఓపిక నశించింది. "మీరు పోశం మీద పెట్టింది నాసి పని చేసిండన్న కేసు. పని నాసిది కాదని మీ వేలే చెప్పింది. ఇంక ఏ మొఖం పెట్టుకొని లోపల ఉంచుతరు?"

వెంకటి ఇన్‌స్పెక్టరు టోపీని రెండు చేతులతో పట్టుకుని నదివైపు తిరిగి నిలబడ్డాడు.

"వదులుతాను," అన్నాడు చివరికి ముక్తేశ్వరరావు. "కానీ జామీను మీరుండాలి. పిలిచినప్పుడు వాడు రాకపోతే మిమ్మల్ని అడుగుతాను."

రామచంద్రం ఠాణాకు తిరిగి వెళ్లి సంతకం పెట్టాడు. పోశం బయటికి వచ్చి, రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

భూమన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రామచంద్రం పడవలో తను చూసింది చెప్పాడు. జిలెటిన్ సంగతి చెప్పేటప్పుడు ముసలాయన మొహం చూడటం కష్టమైంది. తలుపు చాటున గంగుబాయి నిలబడి వింటోంది. నుదుట బొట్టు ఇంకా ఉంది. శవం దొరకలేదు గనుక ఆ ఇంట్లో కర్మ జరగలేదు, ఏడుపు కూడా పూర్తిగా బయటికి రాలేదు.

"నీ కొడుకు తప్పు చేసిండు పెద్దయ్యా. కేసైతది, జైలు కూడ పడొచ్చు. కాని బతికే ఉన్నడు."

దొంగ అన్న మాట ఎక్కడో ఆగిపోయి, బతికే ఉన్నాడన్న మాట ఒక్కటే భూమన్నకు చేరినట్టుంది.

"జైలుకు పోనీ సారు. వాని మొఖమైతె చూస్త గద. ఏ దిక్కు పోయుంటడు?"

"ఈదినోడు నీటి పోకడనే పోతడు. కిందికి, బాయిల దిక్కే పోయుంటడు. మీరు ఇంటికాన్నే ఉండుండ్రి. నేను చూసుకుంట."

గంగుబాయి తలుపు వెనక్కి ఇంకాస్త జరిగింది. ఆమె కళ్లలో సంతోషం లేదు, పచ్చి భయం ఉంది. మొగుడి దొంగతనం బయటపడిందని భయపడుతోందని రామచంద్రం అనుకున్నాడు.

అతను భోజనం ముగించి సత్రంలో కాస్త నడుం వాల్చాడో లేదో కానిస్టేబుల్ వచ్చి పిలిచాడు. దిగువన మూడు కోసుల దూరంలో బెస్తల వలకు శవం తగిలింది. ఎడ్లబండి మీద తీసుకొచ్చి రేవులో దించారు.

రామచంద్రం వెళ్లేసరికి ముక్తేశ్వరరావు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. శవం మీద దుప్పటి కప్పారు. కాళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. రెండు చీలమండలనూ కలిపి తాడుతో కట్టేశారు. దాని కొసకు కట్టిన బరువు ఏదో జారిపోయింది గానీ ముడి వీడలేదు.

"తల వెనక పుర్రె పగిలింది," ఇన్‌స్పెక్టర్ మెల్లగా చెప్పాడు. "మొహం గుర్తుపట్టేలా లేదు. ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. భార్యను పిలిపించాను."

గంగుబాయి వచ్చింది. దుప్పటి కింద నుంచి తీసి చూపిన చేతిని పట్టుకుని, పచ్చబొట్టు మీద వేలితో ఒకసారి రాసి, మళ్లీ దుప్పటి కిందికి జరిపింది. గొంతెత్తి ఏడవలేదు.

"ఆయననే," అంది. "సారు, పోశం యాడున్నడు?"

"ఇడిచిపెట్టినం చెల్లె, పొద్దున్నే."

ఆమె అక్కడే ఇసుకలో కూలబడింది. ఆమెకు ఎదురుగా రామచంద్రం కూడా కూర్చున్నాడు. పొద్దున తను ఆ ఇంట్లో చెప్పిన మాట తనకే వినబడుతోంది.

"చెప్పు చెల్లె. నీకు ఏం ఎరుక?"

"రెండేండ్ల సంది గా మాలు తెస్తుండ్రి. బాయిలకెల్లి పోశం తీస్తుండె, ఈయన పడవ ముక్కుల దాచి తెస్తుండె. బావులు పేల్చేటోళ్లు కొనుక్కపోతుండ్రి. మొన్న వానకాలం ఖానాపూర్ దిక్కు గా మందుకు ఒక మనిషి సచ్చిపోయిండు. గప్పటికెల్లి ఈయన కంటికి నిద్ర లేదు. ఇగ చాలు, మా బాపు పడవను మల్ల మా బాపు పడవ లెక్కనే చేస్త అన్నడు. కొత్తగ బాగుచేయించుడు గందుకే పెట్టుకున్నడు."

"మరి పోశం చేతికే ఎందుకిచ్చిండు?"

"ఇంకో వడ్లాయన చెయ్యి పెడితె పెట్టె బయటపడ్తదని పోశమే ముంగటికొచ్చిండు. మిగిలిన పనంత ఐనంక ఈయన రాత్రికి రాత్రి పెట్టె పీకి మందంత గంగల పారబోసిండు. పోశం నమ్మలే. ఏడనో దాచిండ్రు, ముసలోనికి కూడ ఎరుకనే అన్నడు. సోమారం పొద్దుగాల ఈయన పోతుంటె నాతోని చెప్పిండు. తిప్ప కాడ పోశం పడవ ఎక్కుతడు, మాట్లాడి తెగదెంపులు చేసుకొనొస్త అన్నడు."

ముక్తేశ్వరరావు రామచంద్రం వైపు చూడలేదు. అందుకు రామచంద్రం లోలోపల కృతజ్ఞుడయ్యాడు. తిప్ప దాటాక ఎవరు చూశారన్న ప్రశ్న ఇప్పుడు మళ్లీ అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. తలనొప్పి ముచ్చట కూడా పోశమే తన చేతిలో పెట్టాడు. తను దాన్ని అందుకుని, వాడు చూపించిన వైపే నడిచాడు.

"నాకెందుకు చెప్పలే, చెల్లె? ఇన్‌స్పెక్టర్‌గారికన్న ఎందుకు చెప్పలే?"

"చెప్తె మామకు ఎరుకైతది. కొడుకు దొంగ అని ఎరుకైతె మామ బతుకడనుకున్న. పోశం ఎట్లైన లోపట్నే ఉన్నడు గద. ఏ కేసు మీద ఉంటె ఏంది, ఉంటె చాలనుకున్న." ఆమె కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల మీరొచ్చి ఆయన బతికే ఉన్నడంటిరి. పోశం ఈయనను ఏం చేయలేదేమో, నిజంగనే ఈదుకుంట పోయిండేమో అని ఒక్క గడియ నేను కూడ ఆశపడ్డ. గందుకే నోరు రాలే."

ముక్తేశ్వరరావు ఇద్దరు కానిస్టేబుళ్లను పిలిచి పోశం ఇంటికి పరుగెత్తమన్నాడు.

"పంచనామాకు తండ్రి కూడా ఉండాలి," అన్నాడు ఆ తర్వాత. "భూమన్న ఏడీ? ఇంతమంది చేరితే ఆయన రాలేదేం?"

"మామ ఇంటికాడ లేడు," గంగుబాయి తల ఎత్తింది. "మీరు పోయినంక బువ్వ కూడ తినలే. రేవు దిక్కు పోయిండు. గీడనే ఉన్నడనుకున్న."

రామచంద్రం లేచి చుట్టూ చూశాడు. శవం చుట్టూ మూగిన జనంలో ముసలాయన లేడు. బాగుచేసిన పడవ మొద్దుల మీద ఉన్నచోటే ఉంది. దాని పక్కన రోజూ కట్టి ఉండే వెంకటి నావ లేదు. రేవు మీద చాయ్ కాసే రాజక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి జనం వెనక నిలబడి చూస్తోంది. అతను ఆమె దగ్గరికి వెళ్లాడు.

"రాజక్కా, భూమన్న పెద్దయ్య కనబడ్డడా?"

"ఎప్పుడో పాయె గద సారు, వెంకటి నావ అడుక్కొని." ఆమె దిగువకు, నది వంపు వైపు చేయి చూపింది. "కొడుకు బతికే ఉన్నడని మీరే చెప్పిండ్రట గద. ఎంత సంబురంగ ఎక్కిండో. ఒక్కడు ఏం పోతడు ముసలాయన అని నేనే ఫికర్ చేస్తుంటి. గంతల్నే పోశం వచ్చి, నేను తోడు వస్త పా పెద్దయ్యా అని తెడ్డు పట్టిండు."